గోడ కంపెనీది, గడప తమది: కోలారు బంగారు గనుల సీమలో గృహాలంకరణ

“ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు” అని తెలుగునాట ఒక నానుడి. ఇంటి తీరును బట్టి ఇంటివారి తీరు తెలుస్తుందని పెద్దల విశ్వాసం. ఆ విశ్వాసమే నేడు ప్రశ్నగా మారి విద్యావంతుల ఇళ్ళలో చర్చకు వస్తున్నది. ఇంటి అలంకరణ అందులో నివసించేవారి వ్యక్తిత్వాన్ని ప్రతిబింబించాలా? లేక సంప్రదాయాన్ని, వాస్తును, లోకం మెచ్చే పద్ధతిని అనుసరిస్తే చాలునా?

అలంకరణ వ్యక్తి అభిరుచికి సంబంధించినదనీ, పరుల మెప్పు కోసం వస్తువులు పేర్చితే ఇల్లు అంగడిగా మారుతుందనీ ఒక పక్షం వారు అంటారు. ఇల్లు ఒక్కరిది కాదనీ, తరతరాల కుటుంబానిదనీ, అక్కడ వ్యక్తి అభిరుచికి పరిమితమైన స్థానమే ఉండాలనీ మరొక పక్షం వారు వాదిస్తారు. ఈ రెండు వాదాలలోనూ ఒకే ఊహ దాగి ఉన్నది. ఇల్లు అందులో ఉండేవారి సొంతమనీ, దానిని ఇష్టానుసారం తీర్చిదిద్దుకొనే స్థోమత, స్వేచ్ఛ వారికి ఉన్నాయనీ ఆ ఊహ. మరి సొంత ఇల్లు లేనివారి మాటేమిటి? ఒకే కొలతతో, ఒకే రూపంతో బారులు తీర్చి కట్టిన గదులలో, పని పోతే ఇల్లు కూడా పోయే స్థితిలో బ్రతికినవారికి ఈ ప్రశ్న వర్తిస్తుందా? కోలారు బంగారు గనుల చరిత్ర ఈ ప్రశ్నకు ఒక శతాబ్దికి పైగా సమాధానం చెబుతూ వచ్చింది. ఆ సమాధానాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పల్లె ఇల్లు

గనుల కంటే ముందు పల్లెలు ఉన్నాయి. కోలారు జిల్లాలో ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారపేట ప్రాంతాల పల్లెలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. కన్నడ, తెలుగు, తమిళ భాషలు కలిసే ఈ సీమలో ఇల్లు కూడా మూడు సీమల పద్ధతులను కలుపుకొన్నది. రాళ్ళకు కొదవలేని నేల కావడంతో గోడలకు, కప్పులకు, కంచెలకు కూడా రాతిపలకలే వాడడం ఇక్కడ పరిపాటి. వీధివైపు తిన్నె, లోపల దీపపు గూడు, దండెం, ఉట్టి, వంటింటిలో వరుసగా బోర్లించిన పాత్రలు, గోడకు సున్నం, దాని అడుగున ఎర్రమన్ను పట్టీ, వాకిట ముగ్గు. ఇంతే అలంకరణ.

ఇందులో వ్యక్తిత్వం ఎక్కడున్నదని అడగవచ్చు. ఇంటివారి వృత్తిలో ఉన్నది. పట్టుపురుగుల పెంపకానికి కోలారు జిల్లా ప్రసిద్ధి. పట్టు పండించే ఇంటిలో పురుగుల తట్టలకే అగ్రస్థానం. వాటికి గాలి, చల్లదనం కావాలి. ఘాటైన వాసనలు, పొగ తగలరాదు. కనుక ఆ ఇంటి అమరిక అంతా పురుగుల అవసరాన్ని బట్టి సాగుతుంది. పురుగులు గూళ్ళు కట్టే దినాలలో వెదురు చంద్రికలు పంచలో గోడకు ఆనించి నిలబెడతారు. పసుపు, తెలుపు గూళ్ళతో నిండిన ఆ చంద్రికలను మించిన అలంకారం ఆ దినాలలో ఆ ఇంటికి మరొకటి ఉండదు. మాలూరు తాలూకా శివరాపట్న గ్రామం రాతిశిల్పులకు పేరెన్నిక గన్నది. అక్కడ ఇంటి ముంగిటే ఉలి చప్పుడు వినిపిస్తుంది. సగం చెక్కిన విగ్రహాలే ఆ ఇళ్ళ ముందరి అలంకరణ. ఈ ఇళ్ళలో ఎవరూ అలంకరణ గురించి ప్రత్యేకంగా ఆలోచించి ఉండరు. చేసే పని ఇంటిలో తన గుర్తును తానే విడిచింది.

కంపెనీ రాక, లైన్ల నిర్మాణం

ఈ పల్లెల నడుమ 19వ శతాబ్ది చివర ఒక కొత్త లోకం వెలసింది. మారికుప్పం, ఊరిగాం పరిసరాలలో స్థానికులు మన్ను కడిగి బంగారు తీస్తున్న విషయాన్ని 1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి గమనించి ప్రభుత్వానికి నివేదించాడు. న్యూజిలాండు యుద్ధంలో పాల్గొని వచ్చిన మైకేల్ లవెల్ అనే మాజీ సైనికుడు 1875లో మైసూరు ప్రభుత్వం నుండి తవ్వకాలకు అనుమతి పొందాడు. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగప్రవేశం చేసింది. మైసూరు గని, చాంపియన్ రీఫ్స్, ఊరిగాం, నందిదుర్గం గనులు క్రమంగా లోకప్రసిద్ధి చెందాయి. 1894లో రైలుమార్గం వచ్చింది. 1902లో శివనసముద్రం జలపాతం నుండి సుమారు 147 కిలోమీటర్ల దూరం విద్యుత్తు ప్రవహించి గనులకు చేరింది. బెంగుళూరు నగర వీధులకు విద్యుద్దీపాలు రావడానికి అప్పటికింకా మూడేళ్ళు పట్టింది.

గనులకు వేలాది కూలీలు కావలసివచ్చారు. ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుండి తమిళులు, నేటి చిత్తూరు, అనంతపురం ప్రాంతాల నుండి తెలుగువారు కుటుంబాలతో తరలివచ్చారు. వారిలో అధిక సంఖ్యాకులు భూమి లేని దళిత కుటుంబాలవారు. వారి నివాసానికి కంపెనీలు కట్టించినవే ‘లైన్లు’. తొలినాళ్ళలో అవి వెదురు తడికెలతో అల్లిన గుడిసెలు. గోడ అంటే తడికె. మేకు దిగదు, సున్నం నిలవదు, పక్క ఇంటివారి మాట, దగ్గు, దీపపు వెలుతురు అన్నీ ఇవతలికి వస్తాయి. తరువాత తరువాత గట్టి గోడల ఇళ్ళు వచ్చాయి. అయినా ఒక గది, వంటకు కొద్దిపాటి తావు, బయట ఉమ్మడి కొళాయి, ఉమ్మడి మరుగుదొడ్డి అనేదే చాలాకాలం నమూనాగా ఉండిపోయింది.

ఈ ఇళ్ళకు రెండు లక్షణాలు ముఖ్యమైనవి. ఒకటి, అన్నీ ఒకే తీరు. ఎవరు ఉంటారో, ఎందరు ఉంటారో, ఏ ఊరివారో అన్న విచారణ ఇంటి రూపంలో కనిపించదు. రెండు, ఇల్లు కంపెనీ సొత్తు. గనిలో పని ఉన్నంతకాలమే అందులో నివాసం. అలంకరణకు కావలసిన సొంతదనం, స్థలం, ధనం, తీరిక, ఈ నాలుగూ లేని చోటు అది. వ్యక్తిత్వం ఇంటిలో కనిపించాలా అన్న ప్రశ్నకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు.

కొండమీది బంగళాలు

అదే కంపెనీ అదే నేలమీద మరొక రకం ఇళ్ళను కూడా కట్టించింది. అవి అధికారుల బంగళాలు. విశాలమైన వరండాలు, ఎత్తైన కప్పులు, పూలతోటలు, చలికాలానికి పొగగొట్టంతో కూడిన నిప్పుగూళ్ళు వాటి లక్షణాలు. చుట్టూ క్లబ్బు, గోల్ఫ్ మైదానం, చర్చి. ఈ ప్రాంతానికి ‘చిన్న ఇంగ్లండు’ అన్న పేరు అందువలననే వచ్చింది. గనుల పనిలో ఆరితేరిన కార్న్‌వాల్ ప్రాంతంవారు అనేకులు జాన్ టేలర్ సంస్థ ద్వారా ఇక్కడికి వచ్చారు. వారు కోలారు ఎర్రనేలలో తమ ఊరి పూలమొక్కలను పెంచుకొన్నారు, తమ ఊరి వంటి గదిని అమర్చుకొన్నారు.

గమనించవలసిన విషయం ఒకటున్నది. బంగళా కూడా అందులో ఉండే అధికారి సొంతం కాదు. బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా అతడూ ఖాళీ చేయవలసినవాడే. అయినప్పటికీ ఆ ఇల్లు అతని మనస్సును చెప్పింది. తన హృదయం ఎక్కడో సముద్రాల ఆవల ఉన్నదని, ఇక్కడ తాను కొద్దికాలపు అతిథినని ఆ ఇంటి అలంకరణ ప్రకటించింది. బంగళాకూ లైనుకూ మధ్య వైశాల్యంలో, వసతిలో ఎంతో అంతరం ఉన్నా ఇంటిపై తన గుర్తు నిలుపుకోవాలన్న తపన రెండింటిలోనూ ఒక్కటే. స్థలం, ధనం ఉన్నవాడు దానిని తోటలో చూపుకొన్నాడు. లేనివాడు ఎక్కడ చూపుకొన్నాడో చూడవలసి ఉన్నది.

గడప, గోడ, పాత్ర

మొదటిది గడప. గోడ కంపెనీది కావచ్చును గాని తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి ముగ్గు వేసే చేయి ఆ ఇంటి ఇల్లాలిది. చుక్కలు ఎన్ని, మెలికలు ఎలా తిరగాలి, పండుగనాడు ఏ రంగు నింపాలి అన్న నిర్ణయానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తమిళులు కోలమన్నారు, కన్నడిగులు రంగోలి అన్నారు, తెలుగువారు ముగ్గన్నారు. మూడు భాషల ఆడువారు పక్కపక్క వాకిళ్ళలో వేసి, ఒకరిది చూసి ఒకరు నేర్చుకొన్నారు. ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళ వరుసలో ఏ వాకిలి ఎవరిదో చెప్పగలిగినది ముగ్గే. సాయంత్రానికి అది చెరిగిపోతుంది. మరునాడు మళ్ళీ వేయాలి. శాశ్వతమైన ఇల్లు లేనివారు ప్రతిదినం కొత్తగా వేసుకొన్న సంతకం అది.

రెండవది గోడ. 1894లో రవివర్మ బొంబాయిలో స్థాపించిన ముద్రణాలయం వలన దేవతల వర్ణచిత్రాలు సామాన్యుల ఇళ్ళకు చేరాయి. 20వ శతాబ్దిలో కోవిల్‌పట్టికి చెందిన కొండయ్య రాజు, ఆయన శిష్యులు గీసిన దేవతా చిత్రాలు శివకాశి క్యాలెండర్ల ద్వారా దక్షిణ దేశమంతటా వ్యాపించాయి. సంవత్సరం ముగిసినా క్యాలెండరు బొమ్మను పారవేయక తేదీల భాగం కత్తిరించి పటం కట్టించుకోవడం పేదల ఇళ్ళలో సర్వసాధారణం. కొత్త పటానికి డబ్బు లేని ఇంటిలో కూడా ఏ బొమ్మను ఉంచాలి, దేనిని తీసివేయాలి అన్న ఎంపిక జరిగింది. వేంకటేశ్వరుని పక్కన వేళాంగణ్ణి మాత, ఆ పక్కన అభిమాన నటుని బొమ్మ ఉన్నచోట అది అభిరుచి లేమి అని నవ్వుకోరాదు. ఆ ఇంటిలో ఎవరెవరు ఉన్నారో, ఎవరు ఎవరిని నమ్ముకొన్నారో చెప్పే పట్టిక అది.

మూడవది పాత్ర. పెండ్లికి, గృహప్రవేశానికి, సీమంతానికి ఇచ్చే ఇత్తడి, స్టీలు పాత్రలమీద ఇచ్చినవారి పేరు, తేదీ చుక్కలతో చెక్కించడం తెలుగువారిలోనూ తమిళులలోనూ ఉన్న ఆచారం. వంటగది బల్లమీద తళతళలాడే ఆ వరుసను పరాయివారు ఆడంబరమనుకోవచ్చు. దగ్గరికి వెళ్ళి చదివితే మేనమామ ఎవరో, తోడికోడలు ఎవరో, ఏ సంవత్సరాన ఏ శుభకార్యం జరిగిందో తెలుస్తుంది. సొంత ఊరు విడిచి గనులకు వచ్చిన కుటుంబానికి ఆ పాత్రలే వంశావళి.

పటం వెనుక ఆత్మగౌరవం

అలంకరణ కేవలం అందానికి సంబంధించినదైతే ఈ చరిత్ర ఇక్కడితో ముగిసేది. గనుల సీమలో అది మరింత లోతైన విషయమైనది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో అయోతిదాసు పండితుని బోధల ప్రభావంతో మారికుప్పంలో బౌద్ధ సంఘం వెలసింది. తరతరాలుగా గుడి వాకిలి దాటనీయని సమాజాన్ని విడిచి వచ్చిన కుటుంబాలలో కొందరు బుద్ధుని ఆశ్రయించారు. తరువాతి కాలంలో అంబేద్కరు పటం అనేక ఇళ్ళలో ముందుగదిలో, వచ్చినవారికి ఎదురుగా కనిపించే చోట నిలిచింది. దానిని అక్కడ వ్రేలాడదీసిన వ్యక్తి గది అందాన్ని మాత్రమే ఆలోచించలేదు. తానెవరో, ఎవరి మాటను నమ్మి తలెత్తుకొన్నాడో వచ్చినవారికి ముందే చెప్పదలచాడు.

గనిలో అతనికి ఆ అవకాశం లేదు. అక్కడ అతడు హాజరుపట్టీలో ఒక అంకె. 1930లో కార్మికుల వేలిముద్రలు తీసి నమోదు చేసే పద్ధతిని ప్రవేశపెట్టగా గనుల కార్మికులు మూకుమ్మడిగా పని మానివేసి ప్రతిఘటించారు. నేరస్థుల వద్ద తీసుకొనే గుర్తును తమ వద్ద తీసుకోవడం అవమానమని వారు భావించారు. మనిషి గుర్తు అతని వేలి గీతలలో ఉన్నదని కంపెనీ అనుకొన్నది. తమను తాము ఎలా పిలుచుకోవాలో, ఎలా కనిపించాలో నిర్ణయించుకొనే హక్కు తమదని కార్మికులు అనుకొన్నారు. ఇంటి గోడమీది పటం ఆ హక్కునే నిశ్శబ్దంగా చాటింది. చాంపియన్ రీఫ్స్ గని నేల అడుగున 3 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. అక్కడి బండరాయి వేడి 60 డిగ్రీలకు పైబడి ఉండేది. రాతిపేలుళ్ళ భయం నిత్యం వెంటాడేది. అట్టి చీకటి నుండి పైకి వచ్చిన మనిషికి సున్నం కొట్టిన గోడ, దీపపు గూడు, తనదైన ఒక పటం ఎంత అవసరమో ఊహించవచ్చు.

దూరదేశాల సాక్ష్యం

ఈ అనుభవం కోలారుకే పరిమితం కాదు. జాన్ టేలర్ సంస్థ ఇక్కడికి వచ్చిన 1880లోనే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో విలియం మోరిస్ అనే కవి, కళాకారుడు ఒక ఉపన్యాసమిచ్చాడు. ఉపయోగపడేదో, లేక నిజంగా అందమైనదని తాను నమ్మేదో తప్ప మరేదీ ఇంటిలో ఉంచుకోవద్దన్నది అందులోని సారాంశం. ఈ సూత్రంలోని బలమంతా ‘తాను నమ్మేది’ అన్న మాటలో ఉన్నది. అందాన్ని నిర్ణయించవలసినది అంగడి కాదు, ఇంటివాడు.

వియన్నా నగరానికి చెందిన వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్ 1900లో ఒక వ్యంగ్య కథ రాశాడు. ఒక ధనికుడు తన ఇంటిని కళామయం చేయమని ప్రముఖ శిల్పిని నియమిస్తాడు. ఆ శిల్పి ప్రతి వస్తువుకూ స్థానం నిర్ణయిస్తాడు. పుట్టినరోజున భార్యాబిడ్డలు ఇచ్చిన కానుకలను పెట్టుకోవడానికి కూడా ఆ ఇంటిలో చోటు లేదని తేలుస్తాడు. ఇల్లు సంపూర్ణమైంది గనుక ధనికునికి ఇక కొత్తగా కోరుకోవడానికేమీ మిగలదు. ఇతరులు సమకూర్చిన వ్యక్తిత్వంలో అతడు బందీ అవుతాడు.

చండీగఢ్ నగర నిర్మాత లె కార్బూజియే ఫ్రాన్సులో బోర్డో నగర సమీపాన పెసాక్ అనే చోట ఒక పారిశ్రామికవేత్త కోరికపై 1926 నాటికి సుమారు 50 ఇళ్ళు నిర్మించాడు. అవి సామాన్యుల కోసం ఒకే పద్ధతిలో, ఆధునిక రీతిలో కట్టిన ఇళ్ళు. కాలక్రమేణ నివాసులు వాటి పొడవైన కిటికీలను కుదించారు, చదునైన కప్పులపై వాలుకప్పులు వేశారు, తెరపి వసారాలను గదులుగా మార్చుకొన్నారు. ఫిలిప్ బూదోన్ అనే పరిశోధకుడు 1969లో ప్రకటించిన గ్రంథంలో ఈ మార్పులను వివరంగా పరిశీలించాడు. ఇల్లు కట్టిన మహాశిల్పి అభిరుచి ఎంత గొప్పదైనా, అందులో బ్రతికేవారు తమ అవసరాన్ని, తమ ఇష్టాన్ని దానిపై రాసుకొనే తీరుతారని పెసాక్ నిరూపించింది. మారికుప్పం లైన్ల నివాసులకు గోడలు మార్చే అధికారం లేదు. అందుకే వారు ముగ్గుతో, పటంతో, పాత్రతో ఆ పని చేశారు.

ఎవరి వ్యక్తిత్వం?

ఇంతవరకు చూచినదానిని బట్టి ఇంటి అలంకరణ ఇంటివారి వ్యక్తిత్వాన్ని ప్రతిబింబించాలన్న వాదమే గెలిచినట్లు తోస్తుంది. కాని ఒక ఆక్షేపణను తప్పక ఎదుర్కోవాలి. ఒకే గదిలో అవ్వ, తండ్రి, తల్లి, పెండ్లికాని మేనత్త, నలుగురు పిల్లలు నివసించినప్పుడు గోడమీద కనిపించేది ఎవరి వ్యక్తిత్వం? సంపాదించే పురుషుని పటం, అతని సంఘం జెండా, అతని అభిమాన నటుడు గోడకెక్కుతారు. దుమ్ము దులిపే బాధ్యత మాత్రం ఇల్లాలిది. ఆరంభంలో చెప్పుకొన్న నానుడిని తిరిగి పరిశీలిస్తే అందులోని అన్యాయం అర్థమౌతుంది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నవారు, ఆ ఇంటిలో ఆమె ఇష్టప్రకారం ఎంత జరిగిందో చూడమనలేదు. ఇల్లు చక్కగా లేకుంటే నింద ఆమెది. చక్కగా ఉంటే ఘనత వంశానిది.

పిల్లల సంగతి మరింత చిన్నది. పుస్తకాల సంచి తగిలించే మేకు, పరీక్షలలో వచ్చిన ప్రశంసాపత్రం అంటించే జానెడు గోడ కూడా ఎన్నో ఇళ్ళలో వారికి దక్కలేదు. ఈ లోటును సంప్రదాయం ఒక విధంగా గుర్తించింది. దసరా బొమ్మల కొలువు అందుకు నిదర్శనం. తిరుపతి మరపాచి బొమ్మల జంటను పైమెట్టుపై నిలిపిన తరువాత, కింది మెట్లమీద బజారు, చెరువు, తోట, రైలు అమర్చే స్వేచ్ఛ పిల్లలకు లభించేది. సంవత్సరంలో తొమ్మిది దినాలైనా ఇంటిలో ఒక మూల పిల్లల ఊహకు లోబడేది. కొలువు పెట్టే స్తోమత అన్ని ఇళ్ళకూ లేదు. అయినా అందులోని నీతి అన్ని ఇళ్ళకూ వర్తిస్తుంది. ఇల్లు కుటుంబానిదని చెప్పే పెద్దలు కుటుంబంలో పిల్లలు, వృద్ధులు కూడా ఉన్నారని మరువరాదు. ఇల్లు వ్యక్తిత్వాన్ని చూపాలని చెప్పే యువత, ఆ వ్యక్తులు ఒక్కరికంటే ఎక్కువమంది ఉన్నారని మరువరాదు.

గనులు మూతపడిన తరువాత

1956లో గనులు మైసూరు ప్రభుత్వం వశమయ్యాయి. 1962లో కేంద్ర ప్రభుత్వం వాటిని స్వీకరించింది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. 1964లో స్థాపితమైన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ కర్మాగారం వలన ఈ పట్టణానికి కొత్త ఉద్యోగాలు, కొత్త క్వార్టర్లు వచ్చాయి. ఆంగ్లేయులు విడిచిన బంగళాలలో భారతీయ అధికారులు చేరారు. నిప్పుగూటి పైన దేవుని పటం, గులాబీల పక్కన తులసికోట వెలిశాయి. ఇల్లు అదే, ఇంటివారు మారారు, అలంకరణ మారింది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సుమారు 120 ఏళ్ళలో 800 టన్నుల బంగారాన్ని లోకానికి అందించిన గని మౌనం వహించింది. జీతంతో పాటు ఇంటి ప్రశ్న కూడా ముందుకు వచ్చింది. పనితో ముడిపడిన ఇంటిలో పని లేనివారు ఏ హక్కుతో ఉండాలి? మూసివేత వ్యవహారం న్యాయస్థానాలకెక్కింది. ఇళ్ళపై హక్కు సంగతి సంవత్సరాల తరబడి కార్మిక కుటుంబాలను కలవరపెట్టింది. అయినా ఎందరో ఇళ్ళు విడిచి పోలేదు. తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగుళూరులో పనిచేసి రాత్రికి తిరిగివచ్చే జీవితాన్ని వేలాదిమంది ఎంచుకొన్నారు. నగరంలో అద్దె భరించలేకపోవడం ఒక కారణమైతే, తాతలు సున్నం కొట్టిన గోడను, అవ్వ ముగ్గు వేసిన వాకిలిని విడువలేకపోవడం మరొక కారణం. కాగితం మీద తమది కాని ఇంటిని వారు తమదిగా చేసుకొన్నది మూడు తరాల అలంకరణ వలననే.

ఈ మార్పులో ప్రమాదం కూడా ఉన్నది. తీరిక లేని జీవితంలో వాకిట ముగ్గు స్థానాన్ని అంటించే బొమ్మ ఆక్రమించింది. షోకేసులో ప్లాస్టిక్ పూలు, అందరి ఇళ్ళలోనూ ఒకే తీరు గోడగడియారం, ఒకే తీరు తెర. ఒకనాడు కంపెనీ ఇళ్ళను ఒకే అచ్చులో పోసింది. నేడు గోడలు వేరైనా అంగడి వాటిని లోపల ఒకే అచ్చులో పోస్తున్నది. పాత ఇత్తడి బిందె తూకానికి అమ్ముడుపోతే దానిమీద చెక్కిన మేనమామ పేరు కూడా తూకానికే పోతుంది. తాత గని టోపీ, దీపం పాత ఇనుపసామాను వాడి బండిలో చేరితే ఆ ఇంటి చరిత్రలో ఒక పుట చిరిగిపోయినట్లే. ఈ పట్టణపు గతాన్ని కంపెనీ నివేదికల నుండి రాయవచ్చు. బంగారం ఎంత వచ్చిందో వాటిలో దొరుకుతుంది. దానిని తీసినవారు ఎలా బ్రతికారో మాత్రం వారి ఇళ్ళలో మిగిలిన వస్తువులే చెప్పాలి.

ముగింపు

కనుక ఇంటి అలంకరణ నివాసుల వ్యక్తిత్వాన్ని ప్రతిబింబించాలా అన్న ప్రశ్నకు గనుల సీమ ఇచ్చే సమాధానం స్పష్టమైనది. అది ప్రతిబింబించే తీరుతుంది. తడికె గుడిసెలో ప్రతిబింబించినది పక్కా ఇంటిలో ప్రతిబింబించకపోదు. పెద్దలు నిర్ణయించవలసినది అందులో ఎందరికి చోటిస్తారన్నదే. ఇందుకు ధనం అవసరం లేదు. చదువుకొనే పిల్లవానికి, పిల్లకు సమానంగా ఒక మూర గోడ ఇవ్వవచ్చు. ఇల్లాలికి నచ్చిన పటం ముందుగదిలో వ్రేలాడదీయవచ్చు. అవ్వ వాడిన పాత్రను అటకమీదనుండి దింపి అందరికీ కనిపించే చోట ఉంచి, దానిమీది పేరు ఎవరిదో పిల్లలకు చెప్పవచ్చు.

ప్లాటినం ఉత్సవం జరుపుకొనే పాఠశాలకు 75 సంవత్సరాలుగా పిల్లలు లైన్ల నుండి, పేటల నుండి, పల్లెల నుండి వచ్చారు. తమ ఇల్లు చిన్నదని తోటివారిని పిలువ వెనుకాడిన పిల్లలు ప్రతి తరంలోనూ ఉన్నారు. ఆ చిన్న ఇంటి వాకిట తల్లి వేసిన ముగ్గు, గోడమీద తండ్రి నిలిపిన పటం ఎంతటి చరిత్రను మోస్తున్నాయో తెలిస్తే ఆ బిడ్డ తలవంచుకోనక్కరలేదు. ఆ సంగతి బిడ్డకు చెప్పవలసిన బాధ్యత ఇంటిలో తల్లిదండ్రులది, బడిలో ఉపాధ్యాయులది.